మిషెల్ గోండ్రీ మ్యూజిక్ వీడియోల్లో అంత ఏముందండీ?

కొత్త_ఎడిటర్:
ఆరు నెలలుగా ఎడిటింగ్ నేర్చుకుంటున్నా. ఫ్రెండు బ్యాండుకి ఒక పాటకి వీడియో చేసిపెట్టాలి, బడ్జెట్ దాదాపు సున్నా. మా సీనియర్ ఒకాయన "ముందు గోండ్రీని చూడు, తర్వాత టైమ్‌లైన్ తెరువు" అన్నారు. సరే అని ఆ ఫ్రెంచి డైరెక్టర్ కెమికల్ బ్రదర్స్ అనే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ జోడీకి తీసిన "స్టార్ గిటార్" వీడియో పెట్టా. పాటంతా రైలు కిటికీ, అంతే! సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో ఊరెళ్లిన ప్రతిసారీ నేనూ ఇదే తీస్తున్నా కదా. నాకే ఎక్కట్లేదా?

కిటికీసీటు:
హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ చూడండి, ఈసారి డ్రమ్ దెబ్బ ఒక్కటే పట్టుకోండి. దెబ్బకి తగ్గట్టు స్తంభమో షెడ్డో కిటికీ దాటుతుంటుంది, పాటలోకి కొత్త శబ్దం వస్తే బయట కొత్త వస్తువు మొదలవుతుంది, అది ఆగితే ఇదీ మాయం. 2002 నాటి పని ఇది. ఫ్రాన్స్‌లో నీమ్, వాలెన్స్ మధ్య రైల్లోంచి చిన్న డిజిటల్ వీడియో (డీవీ) కెమెరాతో తీసుకొచ్చి, ఒక్కో ముక్కనీ కంప్యూటర్లో పాటకి అతికించారు. ఏ శబ్దానికి ఏ వస్తువు అన్నది ముందే నారింజపళ్లు, ఫోర్కులు, క్యాసెట్లు వరసగా పేర్చి గోండ్రీ లెక్క చూసుకున్నాడు. మీ సింహపురి వీడియోలో ఆ పేర్చడం లేదు.

డోలు_వాయిద్యం:
ఆయన అసలు డ్రమ్మరండీ, అందుకే అలా వినగలడు. వాళ్ల ఫ్రెంచి బ్యాండుకి తనే తీసిన వీడియో చూసి ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ పిలిస్తే 1993లో "హ్యూమన్ బిహేవియర్" చేశాడు. మీరు మాత్రం డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచి జోడీకి చేసిన "అరౌండ్ ది వరల్డ్" చూడండి, 1997ది. పాట మొత్తానికి ఉన్నవి ఆ మూడు మాటలే, ఇంక సాహిత్యానికి బొమ్మలేం వేస్తాం? అందుకే ఒక్కో వాద్యానికీ ఒక్కో గుంపుని పెట్టాడు. డ్రమ్‌కి మమ్మీలు, గిటార్‌కి అస్థిపంజరాలు, గొంతుకి రోబోలు. బేస్ గిటార్ స్వరం పైకీ కిందికీ వెళ్తుంటే దాని గుంపు మెట్లెక్కి దిగుతుంటుంది! మనవాళ్లు బీటుకో కట్ కొడతారు, ఈయన బీటుని మనుషుల చేత నడిపించాడు.

అడ్డంగా_మాట్లాడేవాడు:
అన్నీ బానే ఉన్నాయి గానీ చివరికి ట్రిక్కే గుర్తుంటుంది, పాట గుర్తుండదు. రోలింగ్ స్టోన్స్ బ్యాండుకి 1995లో చేసిన "లైక్ ఎ రోలింగ్ స్టోన్" చూడండి. ఒకే క్షణాన్ని రెండు మూడు కోణాల్లో స్టిల్స్ తీసి మధ్య ఖాళీని మార్ఫింగ్‌తో, అంటే ఒక బొమ్మని మెల్లగా ఇంకో బొమ్మగా మార్చి, పూడ్చాడు. ఆయనొక్కడే కనిపెట్టాడనను. 1999లో మ్యాట్రిక్స్ సినిమా అదే దారిలో వెళ్లింది, 2003లో శంకర్ బాయ్స్ పాటలోనూ మనుషులు గాల్లో ఆగిపోయారు, తర్వాత ప్రతి యాడ్‌లోనూ అదే గోల. మొహం మొత్తింది.

కిటికీసీటు:
కాపీ కొట్టినవాళ్ల తప్పు ఆయన మీద వేస్తే ఎలా బ్రో. పైగా "స్టార్ గిటార్" విన్నప్పుడల్లా నాకు రైలే కనిపిస్తుంది, పాట గుర్తుండకపోవడమేంటి?
@కొత్త_ఎడిటర్, డబ్బుల్లేకపోతే చిబో మాటో బ్యాండుకి గోండ్రీ చేసిన "షుగర్ వాటర్" చూడండి. తెర రెండు సగాలు, ఒకవైపు షాట్ ముందుకి, రెండోవైపు వెనక్కి. ఖర్చు కంటే రిహార్సల్సే ఎక్కువ.

కొత్త_ఎడిటర్:
మూడుసార్లు చూశా, ఇప్పుడు కిటికీ వదిలి రావాలనిపించట్లేదు. మా పాటలో శబ్దాలన్నీ కాగితం మీద రాస్తే తొమ్మిది తేలాయి. అమ్మ గిన్నెలన్నీ ప్రస్తుతం హాల్లో వరసగా ఉన్నాయి. బేస్‌కి కుక్కర్ ఖాయం, డప్పుకి ఇంకా ఏదీ కుదర్లేదు.