మూకీ కాలపు వెస్టర్న్ ప్రతులకు ఇంత గిరాకీ ఎందుకు?

ప్రశ్న: టామ్ మిక్స్, విలియం ఎస్. హార్ట్ నటించిన మూకీ వెస్టర్న్ (కౌబాయ్ కథల) చిత్రాల ప్రతులను, అవి అసంపూర్ణంగా ఉన్నా సరే, సేకర్తలు అంత ఆరాటంగా ఎందుకు వెతుకుతారో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1: కొరతే ప్రధాన కారణం. 1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ చిత్ర నిర్మాణ సంస్థ గోదాము తగలబడినప్పుడు, మిక్స్ ఆ సంస్థకు చేసిన చిత్రాల్లో అధికభాగం, ఇట్టే అంటుకునే నైట్రేట్ ఫిల్ముపై ఉన్నందున, బూడిదైపోయింది.

జవాబు 2: పై మాట నిజమే గానీ, ఆశ కూడా ఉందండి. పోయిందనుకున్న, దర్శకుడు జాన్ ఫోర్డ్ తీసిన తొలి పూర్తి నిడివి చిత్రం ‘స్ట్రెయిట్ షూటింగ్’ (1917) చెక్ దేశపు ఫిల్ము భాండాగారంలో బయటపడింది. పైగా, ఇళ్లలో ప్రదర్శించుకోవడానికి కొడాక్ 1923లో తెచ్చిన 16 ఎం.ఎం. ఫిల్ము సులభంగా అంటుకోదు కాబట్టి, ఏ అటకమీదో అలాంటి ప్రతి మిగిలి ఉండవచ్చు.

జవాబు 3: అరుదైనంత మాత్రాన అన్నీ గొప్పవి కావు. మిక్స్ సాహసాలు సరదాగా ఉంటాయి. దుస్తుల్లోనూ పరిసరాల్లోనూ వాస్తవికతకు పట్టుబట్టిన హార్ట్ చిత్రాలకే నా ఓటు.