641 ఎట్ల దొరికిందో పదో తరగతి పిల్లలకు చెప్పేదెట్ల?

అందరికీ నమస్తే. హన్మకొండ దగ్గర సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. వాస్తవ సంఖ్యల పాఠంలో 4,29,49,67,297 గురించి చెప్పిన. అంటే 2 ఘాతం 32కు 1 కలిపిన సంఖ్య. 2 ఘాతం 1, 2, 4, 8, 16లకు 1 కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 ప్రధాన సంఖ్యలే, వాటిలాగే ఇది కూడా ప్రధాన సంఖ్యే అనుకున్నాడు గణిత శాస్త్రవేత్త ఫెర్మా. 1732లో ఆయిలర్ అనే ఇంకో గణిత శాస్త్రవేత్త దాన్ని 641 × 67,00,417 అని విడగొట్టాడు.

641 భాగిస్తుందని చూపడం కష్టం కాదు. 641 అంటే 5 × 128 + 1, ఇంకా 625 + 16. ఈ రెండింటితో శేషాలు కట్టుకుంటూ పోతే రెండు నిమిషాల్లో తేలిపోతుంది, పిల్లల మొహాలు వెలిగిపోయినయి.

అప్పుడు ఒక అమ్మాయి అడిగింది: "సార్, అన్ని సంఖ్యలుండగా 641నే ఎందుకు పట్టుకున్నడు?" చాలా మంచి ప్రశ్న. ఆ పెద్ద సంఖ్య (2 ఘాతం 32 + 1) ప్రధాన కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలి. కాబట్టి 193, 257, 449, 577 చూస్తే చాలు, ఐదోది 641. కానీ ఆ శేషం 1 ఎందుకు రావాలి? నాకు తెలిసిన రుజువుకు ఫెర్మా చిన్న సిద్ధాంతం (ప్రధాన సంఖ్య p భాగించని a ఏదైనా, a ఘాతం p−1ని pతో భాగిస్తే శేషం 1) కావాలి, అది వాళ్ల సిలబస్‌లో లేదు.

ఘాతాలు, శేషాలు మాత్రమే తెలిసిన పిల్లలకు దీన్ని ఎట్ల చెప్పొచ్చు? 17 లాంటి చిన్న సంఖ్యతో మొదలుపెట్టే దారి ఉంటే ఇంకా మంచిది. దయచేసి మెట్టు మెట్టుగా రాయండి.