"ఏకబిగిన చదివించింది" – మరి ఆగి ఆగి చదివినదాన్ని ఏమనాలి?

అందరికీ నమస్తే అండి. ఈ ఏడాది చదివినవాటిల్లో బాగా నచ్చినవి రాసి పెట్టుకుందామని కూర్చుంటే మొదటి రెండింటికీ "ఏకబిగిన చదివించింది" అనే రాశా, అప్పుడు ఈ మాట మీదకి మనసు పోయింది. ఏక సంస్కృతం, బిగి మన తెలుగు. బిగువు, బిగించడం, ఊపిరి బిగబట్టడం అన్నీ ఆ ఇంటి మాటలే కదా. పట్టు సడలకుండా అన్నమాట. "చదివించింది" కూడా చూడండి, చదివింది మనమే అయినా పని పుస్తకం చేసినట్టు చెప్తాం, నాకది ఎంత నచ్చిందో.

కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' నవలకి ఈ మాట సరిగ్గా సరిపోతుంది. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ముసలాయన అడవిలోకి వెళ్తాడు, ఇక నేనూ ఆయన వెనకే, స్టవ్ మీద పాలు పొంగి మంట ఆరిపోయినా తెలీలేదు. పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులూ అంతే, 1957లో సీరియల్‌గా మొదలైన నవల అంటే నమ్మబుద్ధి కాదు, అందులో ఇందిర మాట్లాడుతుంటే పుస్తకం మూయలేం.

కానీ ఈ ఏడాది నా మనసులో మొదటిది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ఆత్మకథ, 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. రెండు నెలలు పైనే పట్టింది. వైదిక కుటుంబంలో పుట్టి, సంస్కృతం చదువుకుంటూ తెలుగు మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, ఆయన మాట తీరు కోసం ఒక్కో పేరా రెండుసార్లు పైకి చదువుకునేదాన్ని. అసలు ఆ పేరు చివర "ఊనూ" దగ్గరే ఒక రోజంతా ఆగిపోయా. ఇప్పుడైతే కామా పెట్టేసి అనుభవాలు, జ్ఞాపకాలు అని ఊరుకుంటాం. మా అమ్మమ్మ "ఉప్పూ కారమూనూ" అనేది, ఆవిడ పోయాక ఆ ఊనూ మళ్ళీ ఇక్కడే విన్నా. ఇలాంటి పుస్తకాన్ని ఏకబిగిన అంటే అబద్ధం కదా, దీనికి మాటేది?

– అక్కా, మా దిక్కు "ఒక్క దమ్ముల చదివిన" అంటం. దమ్మంటే ఊపిరే, మీ బిగబట్టుడు ఇదీ ఒక్కటే. చిల్లర దేవుళ్లు నవల నేను గట్లనే చదివిన, దాశరథి రంగాచార్య గారు మా ఊరి మాట రాసిండు, ఎక్కడా ఆగాల్సిన పని పడలే. మెల్లగ చదివేదానికి మాత్రం మాకూ మాట లేదు.

– మా ఇంట్లో ఉందండి. మా నాన్నగారు కొన్ని పుస్తకాల్ని "నంజుకుంటూ చదువుతున్నా" అంటారు, పెరుగన్నంలోకి మాగాయ ముక్క కొంచెం కొంచెం కొరుక్కున్నట్టు.

– నంజుకుంటూ! ఇదేనండి నాక్కావలసింది. తమ్ముడూ, చిల్లర దేవుళ్లు నేనింకా చదవలేదు, వచ్చే నెల మొదలుపెడతా. నా కాగితం మీద శ్రీపాద వారి పక్కన మాత్రం ఇప్పుడే రాసేస్తున్నా, "రెండు నెలలు నంజుకున్నాను" అని.