అన్నవాహిక క్యాన్సర్‌కి ప్రోటాన్ కోసం పొలం అమ్మాలా?

కృష్ణాతీరం:
మా నాన్నకి 63. అన్నవాహిక కింది భాగంలో గడ్డ. ముద్ద దిగట్లేదు, జావ మీదే ఉన్నారు. కీమోతో పాటు కరెంట్ పెట్టి తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు. చెన్నైలో ప్రోటాన్ (ఎక్స్‌రేల బదులు ప్రోటాన్ కణాలతో పెట్టే కరెంట్) చేయిస్తే గుండె, ఊపిరితిత్తులు భద్రంగా ఉంటాయని బావ పట్టుబడుతున్నాడు. దానికి ఎకరం అమ్మాలి. నాన్న వద్దంటున్నారు.

వేపచెట్టు:
అమ్మకండి. అమెరికాలో ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు ప్రోటాన్‌నీ, ఎక్స్‌రేలతో పెట్టే మామూలు కరెంట్‌నీ పోల్చి 2020లో ఫలితాలు చెప్పారు. లెక్కలోకి వచ్చింది 107 మంది. మూడేళ్లకి బతికున్నవాళ్లు రెండు వైపులా 44.5 శాతమే. మా పెదనాన్నకి ఇదే జబ్బు. ఏ మెషీనా అని నెల తిరిగాం. ఈలోపు 9 కిలోలు తగ్గి ఆపరేషన్‌కి తట్టుకోలేని స్థితికి వచ్చేశారు. ముందు తిండి సంగతి చూడండి.

ఫిజిక్స్‌బెంచి:
మీరు సగమే చెప్పారండి. అదే అధ్యయనంలో దుష్ప్రభావాల భారం ఐఎంఆర్‌టీ, అంటే ఆ మామూలు ఎక్స్‌రే కరెంట్ పెట్టినవాళ్లకి 2.3 రెట్లు ఎక్కువ. ఎక్స్‌రే కిరణం గడ్డని దాటి అవతలికీ పోతుంది. ప్రోటాన్ అనుకున్న లోతులో శక్తిలో ఎక్కువభాగం దింపేసి ఆగిపోతుంది. అన్నవాహిక ఉండేది సరిగ్గా గుండె వెనకే. ఆ తర్వాత ఛాతీ తెరిచి ఆపరేషన్ చేయాల్సిన మనిషికి ఇది చిన్న విషయమా?

వేపచెట్టు:
ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు కూడా ప్రోటాన్ వాళ్లకి బాగా తక్కువన్నారు. కానీ ఆ పెద్ద తేడా ఆపరేషన్ అయిన 51 మంది మీదే వచ్చింది. అందులో ప్రోటాన్ వాళ్లు 21 మందే. పెద్ద అధ్యయనం మొదలవడంతో దీన్ని ముందే ఆపేశారు కూడా. పైగా ఊపిరి తీసినప్పుడల్లా ఆ గడ్డ కదులుతుంది. ప్రోటాన్ ఆగే చోటూ మారొచ్చు. ఇంత తక్కువమంది లెక్క నమ్మి ఒక రైతుని ఎకరం అమ్మమనడానికి నాకు మనసొప్పదు.

ఫిజిక్స్‌బెంచి:
సంఖ్య చిన్నదే, ఒప్పుకుంటాను. ఆ కదలికని కొలవడానికే 4డీ సీటీ (ఊపిరితో పాటు గడ్డ ఎలా కదులుతుందో చూపే స్కాన్) తీస్తారు. కృష్ణాతీరం గారూ, ఒకే సీటీ మీద ప్రోటాన్‌కి, ఐఎంఆర్‌టీకి రెండు ప్లాన్లూ (కిరణం ఎక్కడ ఎంత పడుతుందన్న లెక్క) వేయమని అడగండి. గుండెకి సగటున ఎన్ని గ్రేలు (కరెంట్ మోతాదు కొలత), ఊపిరితిత్తులకి ఎన్ని, పక్కపక్కన చూపించమనండి. తేడా స్వల్పమైతే పొలం ముట్టుకోకండి. నాన్నగారికి గుండె జబ్బేమైనా ఉందా?

కృష్ణాతీరం:
2019లో స్టెంట్ వేశారండి. రాయడం మర్చిపోయాను.

వేపచెట్టు:
అయితే మాట మార్చుకుంటున్నాను. రెండు ప్లాన్లూ తప్పకుండా అడగండి. కానీ ఆ ఎదురుచూపులో తిండి ఆగకూడదు బాబూ.

కృష్ణాతీరం:
తిండి పైపు వేయించడానికి రేపు పొద్దున్నే తీసుకెళ్తున్నాం. ప్లాన్లు సోమవారం అడుగుతాను. పొలం మాట అప్పటిదాకా ఇంట్లో ఎత్తనని నాన్నకి చెప్పాను.