ఇంట్లోనే చెక్కతో చిన్న తెరచాప కాటమరాన్: ప్లైవుడ్, రెజిన్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్తే. సముద్రం చూడాలంటే నెల్లూరు దాకా పోవాల్సిన ఊళ్లో నీకు పడవ పిచ్చి ఏందిరా అని ఇంట్లో రోజూ తిట్లు పడుతున్నాయి, అయినా అడుగుతున్నా. రెండు దోనెలను పక్కపక్కన కలిపిన పడవ, అదే కాటమరాన్, కట్టాలని ఉంది: 14 అడుగుల పొడవు, ఇద్దరు కూర్చునేది, మోటరు వద్దు, తెరచాప ఒక్కటే చాలు. మైలవరం డ్యాంలో తిప్పుకోవాలని ఆశ. జేమ్స్ వారమ్ అనే ఇంగ్లండ్ ఆయన 1950ల్లో తన చేత్తో కట్టుకున్న 23 అడుగుల పైచిలుకు కాటమరాన్‌తో అట్లాంటిక్ దాటాడు కదా, ఆయన డిజైన్లలోనే 14 అడుగులది ఒకటుంది, ఆ ప్లాను కొందామని చూస్తున్నా.

నా డౌట్లు ఇవి. ప్లైవుడ్ షాపుకు పోతే ప్రతివాడూ మాది నీళ్లకు తట్టుకునే మెరైనే అంటాడు, రేటు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంది, ఎట్లా నమ్మాలి? ఫైబర్ ట్యాంకులు చేసే ఆయనను అడిగితే చెక్కకు పూసే, అతికించే ఎపాక్సీ రెజిన్ దండగ, మామూలు పాలిస్టర్ రెజిన్ కొట్టేస్తే సగం ఖర్చులో పోతుంది అన్నాడు. ఆచారిని అడిగితే రెండు దోనెలను కలిపే అడ్డ దూలాలకు బోల్టులు బిగించమంటున్నాడు, ప్లాన్లలో చూస్తే తాడుతో కట్టమని ఉంది. మా ఇంటి గేటు నాలుగడుగులే, అదింకో టెన్షన్.

కొయ్యపని_అనంతపురం

బ్రదర్, ముందు ప్లైవుడ్ సంగతి. షీటు మీద ఐఎస్ 710 ముద్ర, అంటే మెరైన్ ప్లైకి ఉన్న భారత ప్రమాణం నంబరు, ఉందో లేదో చూడు, 303 ఉంటే అది ఇంట్లో కబోర్డులకు పనికొచ్చేది, బోటుకు కాదు. ముద్ర ఉన్నా నమ్మబుద్ధి కాకపోతే షాపువాణ్ని చిన్న ముక్క అడిగి తెచ్చుకో. 710కి అసలు పరీక్షే 72 గంటలు ఉడకబెట్టడం. మనం అంతసేపు గ్యాసు తగలెయ్యక్కర్లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లలో మరగనిచ్చి, ఆరబెట్టి, మళ్లీ మరగనిచ్చి చాకుతో పొరల మధ్య కెలుకు. పొర లేచిందంటే ఆ షాపు వైపు మళ్లీ పోవద్దు. అంచులు కూడా చూడు, పొరల మధ్య సందులు కనిపిస్తే ఆ షీటు వద్దు, ఆ సందే రేపు నీళ్లకు కాలువ అవుతుంది.

మనకు దొరికే గర్జన్ ప్లై బరువు ఎక్కువ. 6 మి.మీ. షీటు 12, 13 కిలోలు తూగుతుంది. నీ సైజుకు ఆరు షీట్లు పట్టొచ్చు అనుకుంటే చెక్కే 75 కిలోల దాకా వస్తుంది, దూలాలు, తెరచాప కట్టే నిలువు కొయ్య, చుక్కానులు, రెజిన్ కలిపితే 120, 130. ఇద్దరు మనుషులు ఎక్కితే మొత్తం 270. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. 270 కిలోలు తేలాలంటే 270 లీటర్ల నీళ్లను పక్కకు నెట్టాలి, రెండు దోనెలు కలిపి ఆ మాత్రం ఉంటే సరిపోతుంది అనుకుంటారు. సరిపోదు. గాలి గట్టిగా తోసినప్పుడు ఒక దోనె నీళ్ల నుంచి లేస్తుంది, మొత్తం బరువు రెండోదాని మీద పడుతుంది. కాబట్టి ఒక్కో దోనె ఒక్కటే మొత్తం బరువు మొయ్యగలగాలి, అంటే ఒక్కోటి కనీసం 290, 300 లీటర్లు. కొన్న ప్లానులో ఇదంతా ఆయనే చూసి ఉంటాడు. నువ్వు మాత్రం ఖర్చు తగ్గించాలని దోనె ఎత్తు కొయ్యొద్దు.

షీటు 8 అడుగులే కాబట్టి 14 అడుగులకు అతుకు తప్పదు. అంచులను ఏటవాలుగా చిత్రిక పట్టాలి, మందానికి ఎనిమిది రెట్లు. 6 మి.మీ. అంటే 48 మి.మీ. వాలు. రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి మెట్టులా పెట్టి ఒకేసారి చిత్రిక పడితే రెండూ సమానంగా వస్తాయి.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

పైన అన్న చెప్పింది కరెక్టు. రెజిన్ గురించి నేను చెబుతా. ట్యాంకుల ఆయన మాట వినొద్దు. పాలిస్టర్ ఫైబర్ మీద బాగుంటుంది, చెక్కను పట్టుకోదు, రెండు వానాకాలాలు గడిస్తే తొక్కలా ఊడొస్తుంది. ఎపాక్సీయే వాడండి. మన దగ్గర ఎల్‌వై 556, హెచ్‌వై 951 అని అమ్మే జత అయితే 100 గ్రాముల రెజిన్‌కు (ఎల్‌వై) దాన్ని గట్టిపరిచే హార్డెనర్ (హెచ్‌వై) 10 గ్రాములు, తూకంతోనే, కళ్లతో అంచనా కాదు. బంగారం తూచే చిన్న కాటా ప్రొద్దుటూరులో దొరకడం కష్టమా చెప్పండి! త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే గట్టిపడదు, రబ్బరులా ఉండిపోతుంది.

మన ఎండలకు ఇంకో సంగతి. ఏప్రిల్, మే మధ్యాహ్నం మగ్గులో కలిపితే కలుపుతుండగానే మగ్గు వేడెక్కి పొగ వస్తుంది, రెజిన్ రాయైపోతుంది. తెల్లవారుజామున చెయ్యండి, కొంచెం కొంచెం కలపండి, కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోసెయ్యండి, పలుచగా పరుచుకుంటే వేడి నిలవదు. రాగి తీగలతో ప్లైవుడ్ అంచులను కుట్టి, లోపలి మూలల్లో రెజిన్‌లో రంపపు పొట్టు కలిపిన ముద్దతో గుండ్రంగా మెత్తాలి. పొట్టు జల్లెడ పట్టండి, లేకపోతే తర్వాత ఎమ్రీ పేపరు పట్టేటప్పుడు మీకే తెలుస్తుంది.

పైన రంగు తెలుపే. ముదురు నీలం అందంగా ఉంటుంది గానీ ఎండకు ఎపాక్సీ మెత్తబడుతుంది. ఒడ్డున పెట్టినప్పుడు దోనెల మూతలు తీసి ఉంచండి, లోపల గాలి వేడెక్కి ఉబ్బితే అతుకులు తెరుచుకుంటాయి.

ఇక తాడు. ప్లానులో ఉన్నట్టు తాడే కట్టండి. బోల్టు పెడితే అలల ఊపుకు భారమంతా ఒక్క రంధ్రం మీద పడుతుంది, రంధ్రం కోలగా అరిగి అక్కడి నుంచి ప్లైవుడ్‌లోకి నీళ్లు దిగుతాయి. తాడు కట్టు కొద్దిగా కదులుతుంది, అదే దాని బలం. నైలాన్ వద్దు, తడిస్తే సాగుతుంది, పాలిస్టర్ తాడు తెచ్చుకోండి. పైగా విప్పితే ఏ ముక్కకు ఆ ముక్క, గేటు సమస్యా ఉండదు, దోనె వెడల్పు ఒకటిన్నర అడుగే కదా.

గండికోట_గాలి

పడవ సరే, నీళ్ల సంగతి ఎవరూ మాట్లాడలేదే. గండికోట జలాశయం వైపు మాత్రం ఇప్పుడే పోవద్దు అన్నా. తాళ్ళప్రొద్దుటూరు లాంటి ముంపు ఊళ్ల గోడలు, చెట్లు నీటి కింద ఉన్నాయి, మట్టం తగ్గితే చుక్కాని దేనికి తగులుతుందో తెలియదు. లోయలోకి పోతే ఇంకా ఘోరం, గాలి ఒక్కసారి ఈ పక్క, ఒక్కసారి ఆ పక్క, దిగడానికి ఒడ్డే ఉండదు. మైలవరమే మేలు.

జూన్ నుంచి ఆగస్టు దాకా మన సీమలో గాలి ఎట్లా కొడుతుందో రామగిరి గాలిమరలను అడగండి. నేర్చుకునే కాలం అది కాదు. వానలు తగ్గాక నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య నీళ్లుంటాయి, గాలీ మెత్తగా ఉంటుంది. ఏప్రిల్, మేలో సాయంత్రం పడమట మబ్బు నల్లబడితే తెరచాప దించేసి తెడ్డుతో ఒడ్డుకు రావాల్సిందే, ఈదురుగాలి చెప్పి రాదు.

అనుమతి విషయం: 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర టూరిస్టుల బోటు మునిగాక ఏ బోటు కనిపించినా అడుగుతారు, మోటరు లేదంటే వదిలేస్తారని అనుకోవద్దు. 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టంలో మోటరు లేనివాటి ప్రస్తావన కూడా ఉంది. డ్యాం దగ్గర జలవనరుల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) రాతపూర్వకంగా అడగండి. అంతకంటే ముందు అక్కడ చేపలు పట్టేవాళ్లతో ఒక టీ తాగండి. సాయంత్రం వలలు ఎక్కడ వేస్తారో, పొద్దున ఎప్పుడు తీస్తారో వాళ్లే చెబుతారు. వల తెంపితే పడవ కంటే ముందు మీ స్నేహం మునుగుతుంది.

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)

అబ్బా, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. తాడు సంగతి ఆచారికి చెబితే నన్ను పిచ్చోడిలా చూశాడు, అయినా ఖాయం చేసుకున్నా. ఇంకొక్కటి: తెరచాప కొయ్యకు ముదురు వెదురు వాడొచ్చా, అల్యూమినియం పైపా? బోల్తా పడితే ఇద్దరం తిప్పగలమా?

కొయ్యపని_అనంతపురం

చిన్న తెరచాప అయితే ముదురు వెదురు చాలు. సర్వి కట్టె కూడా పనికొస్తుంది గానీ పైన బరువు ఎక్కువవుతుంది. ఏదైనా సరే, కొయ్య నిలబెట్టేముందు తల పైకెత్తి చూడు, డ్యాంల దగ్గర మోటర్లకు లాగిన కరెంటు తీగలు చేతికందేంత కిందికి వేలాడుతుంటాయి, అల్యూమినియం అయితే చెప్పక్కర్లేదు, తడి వెదురుకూ షాక్ కొడుతుంది.

బోల్తా సంగతి: కాటమరాన్ పూర్తిగా తలకిందులైతే తలకిందులుగానే హాయిగా తేలుతుంది, దానంతట అది లేవదు. అందుకే కొయ్య చివర గాలి చొరని చిన్న ప్లాస్టిక్ క్యాన్ కట్టు, పక్కకు ఒరిగిన దగ్గరే ఆగుతుంది. అప్పుడు ముక్కును గాలికి ఎదురు తిప్పి, కింది దోనె మీద ఇద్దరూ నిలబడి, పై దోనెకు కట్టిన తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. మొదట ఒడ్డు దగ్గర ఛాతీ లోతు నీళ్లలో కావాలనే పడేసి లేపడం నేర్చుకోండి, లైఫ్ జాకెట్లు వేసుకునే.