చేదోడు సరే, మరి ‘వాదోడు’ ఏమిటి?

అందరికీ నమస్కారం. నిన్న మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. “చేదోడు అంటే చేయి తోడు, తెలిసింది. వాదోడు అంటే ఏం తోడు?” తడుముకుని, “అది ఉత్తినే పక్కన పెట్టే మాటలే, పనీ గినీ అన్నట్టు” అనేశాను. రాత్రంతా మనసులో అదే నలిగింది.

ఈ మాట నాకు నానమ్మ నోట వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా “మా మనవరాలు వాళ్ళ నాన్నకి చేదోడు వాదోడు” అని చెప్పేది. అప్పుడు నాకు ఏడేళ్ళు. నేను చేసే ఘనకార్యం దుప్పటి పిండటంలో ఒక కొస పట్టుకోవడం. నాన్న అటు, నేను ఇటు. ఎదురుగా నాన్న చేతులు ఎటు తిరుగుతుంటే నావీ అటే తిప్పేదాన్ని. దుప్పటి మొత్తం గుండ్రంగా దొర్లేదే తప్ప చుక్క నీరు కారేది కాదు. “నన్ను చూసి తిప్పకు. నీ కుడికి నువ్వు తిప్పు, నా కుడికి నేను తిప్పుతాను” అనేవాడు నాన్న. ఎదురెదురుగా నిలబడి ఎవరి కుడికి వాళ్ళు తిప్పితేనే మెలిక పడుతుందని అర్థం కావడానికి నాకు చాలా దుప్పట్లే పట్టాయి. మెలిక బిగిసేసరికి నా వైపు కొస చేజారేది. తడి దుప్పటి దబ్బున మట్టిలో పడేది. మళ్ళీ జాడించడం. ఇదీ నా చేదోడు! వాదోడు సంగతి పెద్దలు చెప్పాలి.

*

అమ్మా, మీ అమ్మాయికి చెప్పిన జవాబు వెనక్కి తీసుకోండి. తెలుగులో ఉత్తినే పక్కన పెట్టే మాటకి గి, గీ వస్తాయి. పుస్తకం గిస్తకం, పనీ గినీ. ఆ లెక్కన ఇది ‘చేదోడు గీదోడు’ కావాలి. కాలేదంటే వాదోడుకి సొంత అర్థం ఉందన్నమాట.

వాయి అంటే నోరు. తమిళంలో వాయ్, కన్నడంలో బాయి, అదే మాట. మనం నోరుకి అలవాటుపడి దాన్ని వదిలేశాం. పాత పుస్తకాల్లో వాకొను, అంటే చెప్పు, అని కనిపిస్తుంది. సమాసంలో చేయి ‘చే’ అయినట్టే (చేయూత, చేబదులు, చేవ్రాలు) వాయి ‘వా’ అయింది. తోడులో త ద అయింది, తల్లి తండ్రి కలిసి తల్లిదండ్రులు అయినట్టు. చేత్తో తోడు, నోటితో తోడు. అంతే.

*

మాస్టారూ, సంస్కృతం వాక్కు నుంచి వచ్చిందేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ.

*

వాక్కు అయితే ఆ ‘క్కు’ ఎక్కడికి పోయినట్టు? పైగా పక్కన చే ఉంది, అచ్చ తెలుగు. చేయీ నోరూ జంట, రెండూ ఒంట్లోవే. ఇంకోటి గమనించండి, వాకిలిలో ఉన్నదీ ఈ వాయే. తమిళంలో వాయిల్ అంటారు. ఇంటికి నోరు వాకిలి.

*

నేను వాదు + ఓడు అనుకునేదాన్నండి, నవ్వకండి. మా అమ్మా నేనూ గిన్నెలు తోమేటప్పుడు రోజూ వాదనే. తోమడం అమ్మ వంతు, కడిగి బోర్లించడం నా వంతు. “ఇదిగో, అడుగున మసి అలాగే ఉంది” అని నేను తిప్పి పంపేదాన్ని. “నువ్వు సరిగ్గా కడగలేదు” అని అమ్మ. చివరికి వాదులో ఓడేది నేనే కాబట్టి నేనే వాదోడు అని లెక్క వేసుకున్నా. 😀

*

అసలు సందేహం నాది. వాదోడు అర్థం మాటసాయమే అయితే రెండు మాటలెందుకు? మాటసాయం చాలదా?

*

చాలదనే అనుకుంటున్నాను. మాటసాయం చెయ్యమంటే మన తరఫున ఎవరితోనో ఒక మాట చెప్పమని. పని జరిగేది వేరే చోట. వాదోడుకి మనిషి పక్కనే ఉండాలి. వాడటంలో ఇంకో తేడా, ఈ రోజుల్లో “తమ్ముడు నాకు చేదోడుగా ఉంటున్నాడు” అని ఒంటరిగా అంటున్నారు, బాగానే ఉంది. “వాదోడుగా ఉంటున్నాడు” అని మాత్రం ఎవరూ అనరు. చేయి పక్కన లేకపోతే నోటికి బతుకు లేదు. రెండూ కలిస్తే చివర ఒక్క ‘గా’ చాలు: చేదోడువాదోడుగా.

*

‘చేతికందివచ్చాడు’ కూడా ఇదే కదా?

*

కాదండీ, దానికి వయసు కావాలి. కొడుకు చేతికందివచ్చాడంటే సంపాదించి బరువు మోసే ఈడు వచ్చిందని. చేదోడుకి ఆ నిబంధన లేదు, దుప్పటి కొస జారవిడిచే ఏడేళ్ళ పిల్లకీ చెల్లుతుంది. మా పోస్టు పెట్టినావిడ నానమ్మగారు తూచి వాడారు.

*

మాస్టారూ, ధన్యవాదాలు. ఇప్పుడు ఒక సంగతి గుర్తొస్తోంది. దుప్పటి పిండుతున్నంతసేపూ నేను ఎక్కాలు అప్పజెప్పేదాన్ని. పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోతే నాన్న కూడా మెలి తిప్పడం ఆపేసి, నాకు తట్టేదాకా అలాగే నిలబడేవాడు. ఆరిన దుప్పటి మడత పెట్టేటప్పుడు కూడా ఇంతే. ఒక్కో మడతకి ఒక్కో కబురు, కొసలు నాన్న చేతికి అందించేసరికి కబురు సగంలో ఉండేది. నానమ్మ వాదోడు అన్నది ఈ వాగుడినే అయ్యుంటుంది. చేదోడు పాలు అందులో ఎంతో మట్టిలో పడ్డ దుప్పట్లకే తెలుసు.

మా అమ్మాయికి మీ వివరణంతా చదివి వినిపించాను. శ్రద్ధగా విని, “అయితే నేను వాదోడు, నువ్వు చేదోడు” అని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇందాకట్నుంచి నేనొక్కదాన్నే దుప్పటి ఒక కొస కుళాయికి చుట్టి పిండుతున్నాను. “అమ్మా, నీ కుడికి తిప్పు” అంటోంది.