నిమ్మ ఫ్లేవర్ కార్ట్రిడ్జ్‌లో నూనె పైకి తేలిపోతోంది, ఎలా ఆపాలి?

చల్లటి సోడాలో ఫ్లేవర్, పులుపు, తీపి వేర్వేరు కార్ట్రిడ్జ్‌ల నుంచి కలిపే చిన్న మెషీన్ ఇంట్లో తయారుచేస్తున్నా. పులుపు విడిగా ఎందుకంటే నిమ్మ వాసనకి ప్రాణం సిట్రాల్, అది యాసిడ్‌లో నిల్వ ఉంటే మెల్లగా పారా-సైమీన్ లాంటివాటిగా మారిపోయి తాజాదనం పోతుంది, ఆ భాగం మాత్రం చాలా బాగా కుదిరింది, వాసన అప్పుడే కోసిన కాయలా ఉంది.

ఇబ్బందంతా నూనెతోనే. బరువులో 5% నిమ్మ తొక్క నూనె, 15% గమ్ అరబిక్ (నూనెని నీళ్లలో కలిపి ఉంచే తుమ్మ జాతి చెట్టు జిగురు), మిగతాది నీళ్లు. గమ్ రాత్రంతా నానబెట్టి హ్యాండ్ బ్లెండర్‌తో 5 నిమిషాలు తిప్పుతున్నా. పాలలా తెల్లగా వస్తుంది కానీ 24 గంటల్లోపే పైన నూనె రింగ్ కడుతోంది, కార్ట్రిడ్జ్ అడుగు నుంచి తీసుకుంటుంది కాబట్టి మొదటి గ్లాసులు చప్పగా, చివరివి మరీ ఘాటుగా వస్తున్నాయి.

గమ్ 20%కి పెంచా, ఫ్రిజ్‌లో పెట్టా, ఎక్కువసేపు తిప్పా, తేడా లేదు. నూనె సాంద్రత 0.85 దగ్గరే కాబట్టి తేలుతుంది, బిందువులు 1 మైక్రాన్ కంటే చిన్నవైతేనే నిలుస్తుందని చదివా. ఎస్టర్ గమ్‌ (నూనెలో కరిగే బరువైన రెసిన్) కలిపి నూనె బరువు పెంచడం నాకు ఇష్టం లేదు.

ఫ్యాక్టరీల్లో వాడే హై ప్రెషర్ హోమోజెనైజర్ లేకుండా ఇంట్లోనే బిందువుల్ని అంత చిన్నగా చేయడానికి మీకు నిజంగా పనిచేసిన పద్ధతి ఏంటండీ?